మాటతో లైనక్స్ నడుస్తుందా? చేతులు పనిచెయ్యని వాళ్ళకి వాయిస్ టైపింగ్ సంగతి, మొదట్నుంచీ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పట్నుంచి పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు రిపేరు షాపుల్లో పాత ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటిగా లైనక్స్ మింట్‌కో ఉబుంటుకో (రెండూ లైనక్స్ అనే ఉచిత సిస్టం రకాలే) మారుతున్నాయి, ఎందుకంటే విండోస్ 11 ఆ పాత ప్రాసెసర్లని ఒప్పుకోదు, కొత్తది కొనాలంటే డబ్బులు కావాలి, లైనక్స్‌కి డబ్బులక్కర్లేదు. బ్రౌజర్ చూసుకుని నాలుగు లెటర్లు కొట్టుకునే మనిషికి ఈ మార్పుతో పెద్ద ఇబ్బందేం లేదు. కానీ ఇళ్ళల్లో వేరే వాళ్ళు కూడా ఉన్నారు కదా. బండి యాక్సిడెంట్లో వెన్నుపూస దెబ్బతిని చేతులు కదలని కుర్రాళ్ళు, కండరాలు క్షీణించే జబ్బున్న పిల్లలు, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన మేష్టార్లు. వీళ్ళ ఇంట్లోవాళ్ళు షాపుకొచ్చి అడిగే ప్రశ్న ఒకటే, "బాబూ, ఇందులో మాటాడితే టైపవుతాదా?"

ఒకరు అవుతాదంటారు, ఇంకొకరు అస్సలవ్వదు విండోసే ఉండాలంటారు. తమాషా ఏంటంటే ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది, కాకపోతే ఇద్దరూ రెండు వేరే వేరే పనుల గురించి మాట్లాడుతున్నారు. ఆ రెండూ విడదీసి చూస్తే తప్ప ఈ గందరగోళం తేలదు.

టైపవ్వడం ఒక పని, కంప్యూటర్ నడవడం ఇంకో పని

ముందు ఒక చిన్న అయోమయం తీసేద్దాం. కంప్యూటరే మనకి చదివి వినిపించడం వేరే సంగతి, అది చూపు లేనివాళ్ళకి వాడేది, లైనక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ ఆ పని చేస్తుంది, ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. ఇక్కడ మనం మాట్లాడుకునేది దానికి ఎదురు దిక్కు, మనం మాట్లాడితే అది వినడం.

ఈ వినడంలో రెండు రకాలు. మొదటిది డిక్టేషన్, అంటే మనం చెప్పింది అక్షరాలుగా పడటం. రెండోది కంట్రోల్, అంటే "ఫైల్ తెరువు", "కిందకి జరుపు", "ఆ బటన్ నొక్కు" అంటే ఆ పని జరగడం. చేతులు బాగున్నవాళ్ళకి మొదటిదే చాలు, మైక్ బటన్ వేలితో నొక్కుతారు, మాట్లాడతారు, తప్పుంటే మళ్ళీ వేలితోనే దిద్దుతారు. చేతులు లేనివాళ్ళకి రెండోది లేకపోతే మొదటిది ఉన్నా లేనట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకతను యూడీఐడీ, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి. బ్రౌజర్ తెరవాలి, సైట్‌కి వెళ్ళాలి, పేరు గడిలోకి కర్సర్ వెళ్ళాలి, పుట్టిన తేదీ క్యాలెండర్లోంచి ఎంచాలి, రాష్ట్రం జిల్లా జాబితాల్లోంచి ఎంచాలి, అడ్రసు రాయాలి, ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి, క్యాప్చా చూసి కొట్టాలి, ఫోన్‌కొచ్చిన ఓటీపీ ఎక్కించాలి, చివర సబ్మిట్. వీటిలో డిక్టేషన్ సాయపడేది పేరు దగ్గరా, అడ్రసు దగ్గరా. మిగతాదంతా కంట్రోలే. "లైనక్స్‌లో వాయిస్ టైపింగ్ ఉంది" అని ఎవరైనా చెప్తే ఈ ఫారంలో ఏ గడిదాకా ఉంది అని అడగాలి.

లోపల రెండు భాగాలు, చెవీ చెయ్యీ

మాట్లాడిన శబ్దాన్ని అక్షరాలుగా మార్చే భాగాన్ని ఇంజన్ అంటారు. ఇంజన్ అంటే ప్రోగ్రాం, దాంతోపాటు మోడల్ అని ఒక పెద్ద ఫైలుంటుంది, ఎన్నో వేల గంటల మాటలు విని ఏ శబ్దానికి ఏ మాట అని నేర్చుకున్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. భాష మారితే మోడల్ మారాలి, లేదా చాలా భాషలు కలిపి నేర్చిన మోడల్ ఉండాలి. దీన్ని చెవి అనుకోండి.

ఇంజన్ మాట పట్టుకున్నాక ఆ అక్షరాల్ని మనం పనిచేస్తున్న కిటికీలోకి, అంటే లిబ్రే ఆఫీసులోకో ఫైర్‌ఫాక్స్‌లోకో, నిజంగా కీబోర్డ్ కొట్టినట్టు పంపే భాగం ఇంకోటుంటుంది. మౌస్ జరపడం, క్లిక్ కొట్టడం కూడా దీని పనే. ఇది చెయ్యి. జనం ఎప్పుడూ చెవి గురించే మాట్లాడుకుంటారు, ఎంత కరెక్టుగా వింటుంది, ఎన్ని భాషలొచ్చు అని. నా ఉద్దేశంలో గత పదేళ్ళలో లైనక్స్‌కి చెవి అద్భుతంగా బాగుపడింది, చెయ్యి మాత్రం ఇంకా కుదుటపడలేదు, కొన్ని విషయాల్లో అయితే వెనక్కి కూడా వెళ్ళింది.

చెవి ఎలా బాగుపడింది

1997లో డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్ వచ్చింది, మాటకీ మాటకీ మధ్య ఆగకుండా మామూలుగా మాట్లాడితే టైపయ్యే సాఫ్ట్‌వేర్, అంతకుముందువి ఒక్కో మాటా విడివిడిగా ఆగి చెప్పాల్సొచ్చేవి. చేతులు పనిచెయ్యనివాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి దాని మీదే బతికారు. కానీ అది లైనక్స్‌కి ఎప్పుడూ రాలేదు. మ్యాక్‌కి ఉన్నది కూడా 2018లో ఆపేశారు. దాని కంపెనీ న్యూయాన్స్‌ని 2022లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2000 ప్రాంతంలో ఐబీఎమ్ వాళ్ళు వయావాయిస్ అనే తమ డిక్టేషన్ సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌కి తెచ్చారు గాని కొన్నాళ్ళకే ఎత్తేశారు.

ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టే వైపు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ స్ఫింక్స్ అనే ఇంజన్ 2000లోనే బయటికొచ్చింది, కానీ మామూలు మనిషి ఉత్తరం డిక్టేట్ చేసుకునేంత బాగుండేది కాదు. 2011లో కాల్డి అనే ఇంకో ఓపెన్ సోర్స్ సాధనం విడుదలైంది, అసలు మలుపు అక్కడ. దాని మీద కట్టిన వాస్క్ అనే ఇంజన్ ఇప్పటికీ పాత ల్యాప్‌టాప్‌లకి దిక్కు, చిన్న మోడల్ 50 ఎంబీ చుట్టుపక్కలే ఉంటుంది, నెట్ అక్కర్లేదు, మనం మాట్లాడుతుండగానే అక్షరాలు పడుతుంటాయి. భారతీయ ఇంగ్లీషు యాసకి వేరే మోడల్ ఉంది, హిందీకీ తెలుగుకీ ఉన్నాయి. 2017లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళు డీప్‌స్పీచ్ అనే ఇంజన్ తెచ్చారు, 2020లో ఉద్యోగులని తీసేశాక అది నీరసించిపోయింది, దాన్ని కోకి అని కొందరు కొనసాగించారు, ఆ కంపెనీ కూడా మూతపడింది. కానీ మొజిల్లా మొదలెట్టిన కామన్ వాయిస్, అంటే జనం తమ గొంతు దానంగా ఇచ్చే సేకరణ, ఇంకా నడుస్తోంది, అందులో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి.

2022 సెప్టెంబర్లో ఓపెన్ ఏఐ వాళ్ళు విస్పర్ విడుదల చేశారు, ఎమ్ఐటీ లైసెన్స్‌తో, ఎవరైనా ఉచితంగా తమ మెషీన్లోనే నడుపుకోవచ్చు. 6,80,000 గంటల ఆడియో విని నేర్చుకుంది. ఇంగ్లీషులో దాని పని చూస్తే డ్రాగన్‌తో పోల్చుకునే స్థాయి. అయితే ఆ గంటల్లో మిగతా 96 భాషలకి కలిపి సొంత భాషలో రాతతో ఉన్న ఆడియో 1,17,000 గంటలే, ఇంగ్లీషుదే అసలు వాటా, తెలుగుకి అందులో దక్కింది చాలా తక్కువ. అందుకే విస్పర్ చిన్న మోడళ్ళు తెలుగు వింటే తడబడతాయి, పెద్ద మోడళ్ళు మెరుగే గాని వాటికి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ కావాలి, విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లో ఆ కార్డు ఎక్కడుంటుంది. ఇంకోటి, విస్పర్ 30 సెకన్ల ముక్కలుగా వినేలా తయారైంది, కాబట్టి మాట్లాడుతుండగా అక్షరం పడదు, మాట్లాడి ఆగాక పడుతుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎవ్వరూ అనని వాక్యం దానంతటదే రాసేసే అలవాటు కూడా ఉంది. చూసి దిద్దుకునే చేతులున్నవాళ్ళకి అది చిరాకు, దిద్దుకోలేనివాళ్ళకి ప్రమాదం.

తప్పుల శాతం లెక్క తెలుగులో ఎందుకు దారి తప్పిస్తుంది

ఏ ఇంజన్ గురించి చదివినా పదాల తప్పుల శాతం అని ఒక అంకె కనిపిస్తుంది. మారిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, ఎక్కువొచ్చిన మాటలు మూడూ కలిపి, అసలు మాట్లాడిన మాటల సంఖ్యతో భాగిస్తారు. ఇంగ్లీషుకి ఇది ఫర్వాలేదు. తెలుగులో వేసి చూడండి.

మనం చెప్పింది: "నాన్నగారు రేపు బరంపురం ఆస్పత్రికి వెళ్తున్నారు కాబట్టి కారు కావాలి". 8 మాటలు.

ఒక ఇంజన్ ఇలా రాసింది అనుకుందాం: "నాన్న గారు రేపు బరంపురం ఆస్పత్రికి వెళుతున్నారు కాబట్టి కారు కావాలి". నాన్నగారుని రెండుగా విడగొట్టింది, అది లెక్కలో ఒక మారిన మాట, ఒక ఎక్కువ మాట. వెళ్తున్నారుని వెళుతున్నారు అని రాసింది, ఇంకో మారిన మాట. మొత్తం 3 తప్పులు, 8తో భాగిస్తే 37.5 శాతం. ఇంకో ఇంజన్ అన్నీ కరెక్టుగా రాసి రేపుని "రేవు" అని రాసింది, ఒక్కటే తప్పు, 12.5 శాతం. లెక్క ప్రకారం రెండోదే గొప్పది. డ్రైవర్‌కి పంపితే మొదటిది చదివి మర్నాడు కారు వస్తుంది, రెండోది చదివితే ఏ రోజు రావాలో తెలీదు.

తెలుగులో విభక్తులు, సంధులు, క్రియ చివర్లు అన్నీ మాటకే అతుక్కుపోతాయి గనక ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మాట మొత్తం తప్పు కింద పడిపోతుంది. అందుకని అక్షరాల తప్పుల శాతం అనే ఇంకో కొలత కూడా పక్కన పెట్టి చూడాలి. అది కూడా అసలు సంగతి చెప్పదు. చేతులు లేనివాళ్ళకి కావాల్సిన కొలత వేరే, ఒక తప్పు దిద్దడానికి ఎన్ని మాటలు ఖర్చవుతాయి అనేది. "రేవు"ని "రేపు" చెయ్యాలంటే ఆ మాట దగ్గరకి కర్సర్ వెళ్ళాలి, మాటని ఎంచాలి, మళ్ళీ చెప్పాలి, మళ్ళీ అదే తప్పు పడితే అక్షరం అక్షరం చెప్పాలి. ఈ లెక్క వేసినవాళ్ళు తక్కువ, నాకు దీని మీదే ఎక్కువ పట్టింపు.

సరిహద్దు మాట, ఒడియా, సవర

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో మనం మాట్లాడే తెలుగు ఏ పత్రికలోనూ అచ్చవ్వదు. వెళ్తున్నాను అనడానికి "ఎల్తన్నాను" అంటాం, అదే నోటితో "రేపు బ్లాకుకెళ్ళి ఆర్ఐ ఆఫీసులో దర్ఖాస్తు పెట్టాల" అని తెలుగు, ఇంగ్లీషు, ఒడియా అలవాటు కలిపేస్తాం. ఎక్కువగా చదివిన తెలుగు, వార్తల తెలుగు విని పెరిగిన మోడల్‌కి ఇది కొత్త. దాంతో మనిషే మారతాడు, మైక్ ముందు రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతాడు. రెండు వాక్యాలకి సరే, రోజంతా అలా మాట్లాడాలంటే గొంతు పడిపోతుంది, ఊపిరి తక్కువగా ఉన్న కండరాల జబ్బు మనిషికైతే అది మోయలేని పని.

ఒడియా సంగతి ఇంకా సూటిగా ఉంది. విస్పర్ భాషల జాబితాలో తెలుగు ఉంది, ఒడియా లేదు. పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు మాట్లాడుకుని ఆఫీసు కాగితాలు ఒడియాలో రాసే మనిషికి దీంతో సగం పనే అవుతుంది. ఈ లోటు పూడ్చింది మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ళు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషలకీ ఇండిక్ కన్ఫార్మర్ పేరుతో మోడళ్ళు తెరిచి పెట్టారు, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. కేంద్రం భాషిణి అని 2022లో మొదలెట్టిన కార్యక్రమంలో కూడా వీళ్ళ పని ఉంది. కాకపోతే అది మోడల్, యాప్ కాదు. డౌన్‌లోడ్ చేసుకుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిపించి దాని నోట్లోంచి వచ్చిన అక్షరాల్ని మన కిటికీలోకి పంపే ఏర్పాటు ఎవరో ఒకరు చెయ్యాలి. ఇక సవర, కుయి మాట్లాడే కొండమీద జనానికి ఆ 22లో చోటే లేదు.

చెయ్యి దగ్గరే అసలు చిక్కు

లైనక్స్‌లో తెర మీద కిటికీలు గీసే పద్ధతి ఎక్స్ 11 అని 1987 నాటిది. దాని గుణం ఏంటంటే అన్ని ప్రోగ్రాములూ ఒకే వసారాలో కూర్చున్నట్టు, ఎవరు ఏం టైప్ చేస్తున్నారో ఎవరైనా వినొచ్చు, ఎవరి కిటికీలోకైనా ఎవరైనా కీ నొక్కినట్టు సంకేతం పంపొచ్చు. వాయిస్ సాఫ్ట్‌వేర్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే. ఎక్స్‌డూటూల్ అనే చిన్న సాధనం చాలు, ఇంజన్ పట్టిన అక్షరాలన్నీ ఏ కిటికీలోకైనా పోతాయి, తెలుగు అక్షరాలతో సహా.

అదే గుణం దొంగలకీ పనికొస్తుంది. ఏదో ఒక పాడు ప్రోగ్రాం వెనకాల కూర్చుని మీ బ్యాంక్ పాస్‌వర్డ్ వినేయొచ్చు. దీన్ని ఆపడానికే, ఇంకా వేరే కారణాలకీ, ఎక్స్ 11 బదులుగా 2008లో వేలాండ్ అనే కొత్త పద్ధతి మొదలైంది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం సంగతి చూడటానికి లేదు, దాంట్లోకి కీలు పంపడానికి లేదు. ఫెడోరా అనే ఇంకో లైనక్స్ 2016లోనూ ఉబుంటు 2021లోనూ దీన్నే ముందు పెట్టాయి, 2025 అక్టోబర్లో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్ అనే దాని డెస్క్‌టాప్‌కి ఎక్స్ 11తో లాగిన్ అయ్యే దారి తీసేశారు.

వేలాండ్ కట్టినవాళ్ళ వాదన తప్పని నేననను. చేతులు పనిచెయ్యని మనిషికి కూడా బ్యాంక్ ఖాతా ఉంటుంది, పాస్‌వర్డ్ పోతే అతనికి ఇంకా ఎక్కువ నష్టం. కొత్త దారి కూడా వేస్తున్నారు, పోర్టల్ అని, ప్రోగ్రాం అనుమతి అడిగితే మనం ఒప్పుకుంటే కీలు పంపనిచ్చే పద్ధతి. రెండో వైపు వాదన కూడా వినాలి, కొత్త దారి పూర్తిగా వెయ్యకుండా పాతది మూసేస్తే మధ్యలో ఆగిపోయేది ఈ మనుషులే అని. అనుమతి అడిగే పెట్టె తెర మీదకొస్తే దాని మీద "సరే" నొక్కడానికి మౌస్ కావాలి కదా, ఆ మౌసే కదా లేనిది.

వేలాండ్‌లో అడ్డదారులున్నాయి. వైడూటూల్, డూటూల్ అనేవి కెర్నల్, అంటే సిస్టం గుండెకాయ దగ్గరే ఒక ఉత్తుత్తి కీబోర్డ్ సృష్టిస్తాయి, అది నిజం కీబోర్డే అనుకుని వేలాండ్ ఊరుకుంటుంది. ఇంగ్లీషుకి ఇది బాగానే నడుస్తుంది. తెలుగు దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే కీబోర్డ్ పంపేది అక్షరాల్ని కాదు, కీ నంబర్లని, "క్షే" అనే కీ ఏ కీబోర్డ్ మీదా ఉండదు. డబ్ల్యుటైప్ అనే ఇంకో సాధనం తెలుగు అక్షరాల్నే నేరుగా పంపుతుంది గాని గ్నోమ్ దాన్ని ఒప్పుకోదు. చివరికి మిగిలింది తెలుగు ముక్కని క్లిప్‌బోర్డులో పెట్టి కంట్రోల్ వి పంపడం, అది లిబ్రే ఆఫీసులో సరే, కమాండ్లు కొట్టే టెర్మినల్లో కంట్రోల్ షిఫ్ట్ వి కావాలి, కొన్ని ప్రభుత్వ ఫారాల గడుల్లో పేస్ట్ చెయ్యనివ్వరు. ఇంగ్లీషు వాడేవాళ్ళు రాసిన గైడ్లలో ఈ తలనొప్పి ఊసే ఉండదు.

లైనక్స్ మింట్ సినమన్ ఇంకా ఎక్స్ 11 మీదే మామూలుగా నడుస్తోంది, వేలాండ్ దాంట్లో ప్రయోగంగానే ఉంది. ఉబుంటు 24.04లో కూడా లాగిన్ దగ్గర ఎక్స్ 11 ఎంచుకోవచ్చు, దానికి మామూలు సపోర్ట్ 2029 దాకా ఉంది. తెలుగులో మాటతో పని కావాల్సినవాళ్ళకి ఈ రోజుకి ఏ లైనక్స్ అంటే తేడా ఇక్కడే ఉంది, రంగులూ ఐకాన్లలో కాదు.

ఇప్పుడు వాడకంలో ఉన్నవి, ఒక్కోటి ఎక్కడ ఆగుతుంది

స్పీచ్ నోట్ అనే యాప్ ఫ్లాట్‌హబ్ అనే లైనక్స్ యాప్‌ల సైట్లో దొరుకుతుంది, విస్పర్, వాస్క్ లాంటి ఇంజన్లని మెనూలోంచి దించుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. ఇంట్లో ఎవరో తెరిచిపెడితే కూర్చుని ఉత్తరం చెప్పుకోవడానికి ఇది హాయి.

నర్డ్ డిక్టేషన్ ఇంకా చిన్నది, ఒకే ఒక పైథాన్ ఫైలు, వెనకాల వాస్క్. ఏ కిటికీలోనైనా టైప్ చేస్తుంది. దీన్ని దగ్గరగా చూస్తే చేతులున్నవాళ్ళ ఆలోచన ఎక్కడుందో కనబడుతుంది. మొదలెట్టడానికి ఒక కమాండ్, ఆపడానికి ఒక కమాండ్, వాటిని కీబోర్డ్ షార్ట్‌కట్‌కి కట్టుకోమంటారు. ఆ షార్ట్‌కట్ నొక్కలేనివాళ్ళ కోసమే కదా వెతుకుతున్నాం! కంప్యూటర్ ఆన్ అవ్వగానే మొదలయ్యేలా పెట్టొచ్చు, అప్పుడు అమ్మ కూరగాయలమ్మితో ఆడే బేరం కూడా ఉత్తరంలో పడిపోతుంది. కాలితో నొక్కే పెడలో, నోటితో ఊదే స్విచ్చో పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది, అవి యూఎస్‌బీ కీబోర్డ్ లాగే పనిచేసే రకాలున్నాయి. అంటే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు ఆ మనిషికి ఏ కదలిక మిగిలి ఉందో చూడాలి.

కంట్రోల్ కోసం పుట్టినవి వేరే. న్యూమెన్ ఓపెన్ సోర్స్, వాస్క్ మీద నడుస్తుంది, డూటూల్ వాడుతుంది గనక వేలాండ్‌లో కూడా పనిచేస్తుంది. టాలన్ అన్నిట్లోకీ బలమైనది, కంటి చూపుతో మౌస్ జరిపే పరికరాన్ని కూడా కలుపుకుంటుంది, డబ్బులివ్వకుండానే వాడుకోవచ్చు గాని దాని కోడ్ తెరిచి లేదు, లైనక్స్‌లో ఎక్స్ 11 కావాలి. కంట్రోల్ పనిలో ఇవి మామూలు వాక్యాలు వినవు, ముందే రాసుకున్న చిన్న చిన్న మాటల జాబితాలోంచి వింటాయి. జాబితా ఎంత చిన్నదైతే చెవి అంత తప్పు చెయ్యదు. ఇంగ్లీషు అక్షరాలకి టాలన్‌లో ఎయిర్, బ్యాట్, క్యాప్, డ్రమ్ అని పేర్లు పెట్టారు, ఎందుకంటే బి, డి, జి, పి, టి అన్నీ చివర ఒకేలా మోగుతాయి, బ్యాట్‌కీ డ్రమ్‌కీ ఎవరూ పొరబడరు.

మౌస్ లేకుండా క్లిక్ ఎలా అంటే గళ్ళ పద్ధతి. తెర 1920 బై 1080 చుక్కలు అనుకోండి. మొత్తం తెర మీద టాలన్ 9 గళ్ళు గీసి నంబర్లు వేస్తుంది. "ఆరు" అంటే ఆరో గడి, 640 బై 360. దాన్ని మళ్ళీ 9 చేస్తుంది, ఇంకో నంబర్ చెప్తే 213 బై 120. మూడో నంబర్‌కి 71 బై 40, అది ఒక బటనంత సైజు. అంటే మూడు అంకెలు, ఒక "క్లిక్" అనే మాట, తెర మీద ఎక్కడున్న బటనైనా నొక్కేయొచ్చు. బ్రౌజర్లో అయితే ఇంకా సులువు, ప్రతి లింక్ పక్కనా రెండక్షరాల గుర్తు చూపించే పొడిగింపులు ఉన్నాయి, ఆ రెండక్షరాలు చెప్తే చాలు. మన ఇందాకటి యూడీఐడీ ఫారం ఈ పద్ధతిలో క్యాప్చా దాకా పోతుంది, అక్కడ కనబడే అక్షరాలు ఒక్కొక్కటీ ఎయిర్, బ్యాట్ అంటూ చెప్పుకోవాలి. నెమ్మదే, అయినా ఇంకొకరిని పిలవకుండా అయిపోతుంది.

ఈ సాధనాల్లో చాలా వాటి వెనకాల టైప్ చేసీ చేసీ మణికట్లు పాడైన ప్రోగ్రామర్లున్నారు. అందుకే అన్నీ ఇంగ్లీషు కమాండ్లు, కోడ్ రాయడానికి ఏర్పాట్లు. పెళ్ళి కార్డులూ కరపత్రాలూ చేసుకుని బతికే తెలుగు డీటీపీ కుర్రాడి అవసరం ఇంకా ఎవరూ ఎదురుగా పెట్టుకుని కట్టలేదు. కమాండ్లు ఇంగ్లీషులో, డిక్టేషన్ తెలుగులో అని రెండు చెవులు పక్కపక్కన నడపడం ఇప్పటికి సాధ్యమయ్యే ఏర్పాటు, దాన్ని బిగించడానికి పైథాన్ వచ్చిన మనిషి తోడు కావాలి.

ఫోనుంది కదా, విండోసుంది కదా అనే వాదనలు

ఫోన్ చాలంటారు కొందరు. కొట్టిపారేసే మాట కాదు. గూగుల్ కీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది, తెలుగు వినడంలో ఇంట్లో నడిపే చిన్న మోడళ్ళకన్నా అదే మెరుగు. ఆండ్రాయిడ్ వాయిస్ యాక్సెస్ తెర మీద ప్రతి బటన్‌కీ నంబర్ వేసి నొక్కనిస్తుంది. ఫోన్లో చెప్పింది కేడీఈ కనెక్ట్ అనే యాప్ ద్వారా లైనక్స్ కిటికీలోకి పంపుకునేవాళ్ళు కూడా ఉన్నారు, క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిస్తే లైనక్స్‌లో కూడా తెలుగు డిక్టేషన్ నడుస్తుంది. కానీ మామూలుగా ఇవి మన గొంతుని కంపెనీ సర్వర్‌కి పంపి నడిచేవి, నెట్ పోతే ఆగిపోతాయి, మహేంద్రగిరి వైపు ఊళ్ళల్లో నెట్ ఎలా ఉంటుందో మనకి తెలిసిందే. ఆస్పత్రి కాగితాలూ బ్యాంక్ సంగతులూ కూడా అదే దారిలో పోతాయి.

విండోసే మేలనేవాళ్ళ దగ్గర కూడా బలముంది, విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ సిస్టంతోనే వస్తుంది, చెవీ చెయ్యీ రెండూ ఒకే కంపెనీ కట్టింది గనక అతుకులు కనబడవు. ఇంగ్లీషుతో సరిపెట్టుకోగలిగి, కొత్త మెషీన్ కొనగలిగితే ఆ దారి తేలిక. డబ్బు పెట్టి డ్రాగన్ కొన్నా దాంట్లో తెలుగు లేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఎప్పటికీ ఉంటుందని చెప్పేవాళ్ళ మాట కూడా జాగ్రత్తగా వినాలి. మ్యాక్ డ్రాగన్ ఆగిపోయింది నిజమే, డీప్‌స్పీచ్ కూడా ఆగిపోయింది. తేడా ఏంటంటే రెండోదాని కోడ్ మిగిలింది. ఆ కోడ్‌ని కొత్త సిస్టం మీద నిలబెట్టేవాడు లేకపోతే మంచం మీదున్న మనిషికి ఆ తేడా ఒరిగించేదేం లేదు. ఈ సాధనాల్లో కొన్ని ఒక్క మనిషి ఖాళీ టైంలో నడుస్తున్నాయి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో, అంటే 21వ అధికరణలో భాగమే అని చెప్పింది, కేవైసీలో కళ్ళు ఆర్పలేని యాసిడ్ బాధితులు, చూపు లేనివాళ్ళు వేసిన కేసు అది. సైట్లు మారాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద, సంస్థల మీద పడింది. మాటతో ఫారం నింపే మనిషికి దాని ఫలితం బటన్లకి సరైన పేర్లు పెట్టడం, పేస్ట్ ఆపకపోవడం లాంటి చిన్న పనుల్లో కనబడాలి.

మాట స్పష్టంగా రానివాళ్ళకి

సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, పార్కిన్సన్ ఉన్నవాళ్ళలో చాలామందికి చేతులతోపాటు మాట కూడా దెబ్బతింటుంది. ఎవరికి ఇది ఎక్కువ అవసరమో వాళ్ళ మాటే ఇంజన్లకి అర్థం కాదు, ఎందుకంటే వాళ్ళ గొంతులు నేర్పిన ఆడియోలో లేవు. గూగుల్ 2019లో ప్రాజెక్ట్ యుఫోనియా అని, ఇల్లినాయ్ యూనివర్సిటీ 2022లో స్పీచ్ యాక్సెసిబిలిటీ ప్రాజెక్ట్ అని ఇలాంటి గొంతులు సేకరించడం మొదలెట్టాయి, అవి ఇంగ్లీషుతో మొదలయ్యాయి.

లైనక్స్‌లో ఈ సమస్యకి ఒకప్పుడు వేరే దారిలో జవాబు చెప్పినవాళ్ళున్నారు. కేడీఈ అనే లైనక్స్ డెస్క్‌టాప్ వాళ్ళలో సైమన్ అని ఒక ప్రాజెక్ట్, మాట ఎలా పలకాలో అది మనకి చెప్పదు, మనం ఎలా పలికితే అలాగే నేర్చుకుంటుంది. "నీళ్ళు" అనడానికి ఒకతనికి "ఈయు" అనే శబ్దమే వస్తే, ప్రతిసారీ అలాగే వస్తే చాలు, దాన్నే ఆ కమాండ్‌కి కట్టుకోవచ్చు. భాషతో కూడా పని లేదు, సవరలోనైనా చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళుగా దాని మీద పని సాగట్లేదు, నాకు అన్నిట్లోకీ బాధ కలిగించేది ఇదే. పెద్ద మోడల్ అన్ని గొంతుల సగటు, ఇది ఒక్క గొంతుది.

అసలు మాటే కష్టమైనవాళ్ళు శబ్దంతో కూడా నడపొచ్చు. టాలన్ పెదాలతో చేసే టప్ అనే శబ్దాన్ని, "స్స్" అనే శబ్దాన్ని గుర్తుపడుతుంది, వాటిని క్లిక్‌కో పేజీ జరపడానికో కట్టుకోవచ్చు. ఆన్‌బోర్డ్ అనే తెర మీది కీబోర్డ్‌లో వరస వరసగా దానంతటదే వెలిగే పద్ధతుంది, కావాల్సిన వరస వెలిగినప్పుడు ఒక శబ్దం, ఆ వరసలో కావాల్సిన అక్షరం వెలిగినప్పుడు ఇంకో శబ్దం. ఆ శబ్దాన్నీ ఈ కీబోర్డ్‌నీ ఎవరో కూర్చుని కలిపి ఇవ్వాలి. ఈ ఆన్‌బోర్డ్ కూడా ఎక్స్ 11 కోసం రాసిందే.